‘ఫ్రీ’ అనే చిన్న మాట – మన పూర్వుల పెద్ద కథ

ఇంగ్లీషు భాషలో ఎంత చిన్న మాటకు అంత పెద్ద చాకిరీ అప్పగించినట్లు కనబడుతుంది. గుడ్, ఫైన్, ఫెయిర్ వంటి విశేషణాలు ఒక్కొక్కటి పది పదిహేను అర్థాలు మోస్తూ ఉంటాయి. వాటిలో ‘ఫ్రీ’ అనే మాటను ఈ వ్యాసానికి ఎన్నుకోవటానికి కారణం వేరే ఉంది. నేటాల్‌కు వచ్చిన మన పూర్వుల బ్రతుకులను ఇంతగా పట్టి కుదిపిన ఇంగ్లీషు విశేషణం మరొకటి లేదు. ఓడ ఎక్కేటప్పుడు ఈ మాట విన్నారు. ఐదేళ్ళు గడిచాక చేతికిచ్చిన కాగితంలో ఈ మాటే ఉన్నది. ఊరు విడిచి పొమ్మన్నప్పుడు కూడా ఈ మాటతోనే పొమ్మన్నారు. మూడుసార్లూ దాని అర్థం మూడు రకాలు.

తెలుగు బాగా వచ్చిన తాతయ్యలు, ఇంగ్లీషే ఇంటి భాషగా పెరిగిన మనుమలు, ఇద్దరూ రోజూ వాడే మాట ఇది. సాయంత్రం ఫ్రీగా ఉన్నారా అంటే తీరికగా ఉన్నారా అని. ఆ కుర్చీ ఫ్రీయేనా అంటే ఖాళీయేనా అని. సబ్బు కొంటే దువ్వెన ఫ్రీ అంటే ఊరికే వస్తుందని. కొత్త కోడలు అందరితోను ఫ్రీగా ఉంటుంది అంటే కలుపుగోలుగా, బెరుకు లేకుండా ఉంటుందని. ఖైదీని ఫ్రీ చేశారంటే విడిచిపెట్టారని, దేశం ఫ్రీ అయిందంటే స్వతంత్రం వచ్చిందని. చక్కెర జబ్బున్న వారి కోసం అమ్మే ‘షుగర్ ఫ్రీ’ సరుకులో ‘లేనిది’ అని అర్థం. మన భాషలో వీటికి వేరు వేరు మాటలున్నాయి: తీరిక, ఖాళీ, ఉచితం, చనువు, విడుదల, స్వేచ్ఛ, స్వతంత్రం, లేమి. తెలుగువాడు ఉచితాన్ని, స్వేచ్ఛను ఒకటిగా పొరబడే అవకాశమే లేదు. ఇంగ్లీషువాడి కాగితంలో మాత్రం రెండింటికీ ఒకే చొక్కా. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

ముందు ఈ మాట పుట్టుక చూద్దాం. చాలామందికి తెలియని విశేషం ఏమిటంటే ఇది మనకు చుట్టమే. సంస్కృతంలోని ‘ప్రియ’ శబ్దం, ఇంగ్లీషులోని ‘ఫ్రీ’ ఒకే పురాతన మూలం నుండి చీలిన కొమ్మలు. ఆ మూలానికి అర్థం ప్రేమించు, ఇష్టపడు అని. భాషలు చీలేటప్పుడు మనవైపు ‘ప’కారం నిలిచిపోగా జర్మను జాతుల భాషలలో అది ‘ఫ’కారమైంది. పితృ శబ్దానికి అక్కడ ఫాదర్ అయినట్టు, పాదానికి ఫుట్ అయినట్టే ఇదీను. ఫ్రెండ్ అనే మాట కూడా ఈ కుదురుదే. ప్రేమించేవాడు అని దాని తొలి అర్థం. శుక్రవారాన్ని ఫ్రైడే అనటానికి కారణమైన ఫ్రిగ్ అనే దేవత పేరూ ఇదే.

మరి ‘ప్రియమైన’ అనే మాట ‘బానిస కాని’ అనే అర్థానికి ఎట్లా వచ్చింది? ఆ కాలపు పెద్ద ఇళ్ళలో రెండు రకాల మనుషులుండేవారు. యజమానికి రక్తబంధువులు, ప్రేమపాత్రులు ఒక తరగతి. కొని తెచ్చుకొన్న దాసులు మరొక తరగతి. ఇంటివారు ప్రియులు, తక్కినవారు బానిసలు. క్రమంగా ప్రియులు అంటేనే బానిసలు కానివారు అని రూఢి అయింది. లాటిన్ భాషలోనూ ఇట్టి జాడే కనబడుతుంది. అక్కడ ‘లీబెర్’ అంటే స్వతంత్రుడు, ‘లీబెరీ’ అంటే ఇంటి బిడ్డలు. డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది అనే అర్థం ఎంతో తరువాతిది. రుసుము నుంచి, ఖర్చు నుంచి విముక్తమైనది అనే పొడుగు మాటను కుదించగా మిగిలిన తోక అది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అదే ‘ప్రియ’ శబ్దం మన తెలుగులో ఏమైంది? చింతపండు ప్రియమైపోయింది, నెయ్యి ప్రియంగా ఉంది అంటే వెల పెరిగిందని గదా. అంటే ఒక తల్లి బిడ్డలలో ఒకడు సీమకు పోయి ‘వెల లేనివాడు’ అయ్యాడు, రెండవవాడు గోదావరి ఒడ్డున ‘వెల ఎక్కువవాడు’ అయ్యాడు. ఇంగ్లీషులో మన ప్రియానికి సరిగా సరిపోయేది డియర్ అనే మాట. దానికీ ప్రేమ, అధిక ధర రెండర్థాలూ ఉన్నాయి. ఉచితం మాట సంగతి ఇంకో విచిత్రం. సంస్కృతంలో దానికి తగినది, యోగ్యమైనది అనే అర్థం. అనుచితం, సముచితం, ఉచితానుచితాలు అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే నిలిచి ఉంది. తగిన వారికి తగిన రీతిని ఇచ్చేది కాబట్టి కాబోలు, తెలుగులో మాత్రం అది వెల లేకుండా ఇచ్చేది అయికూర్చుంది. సీమవారి ‘ఉచితం’ తగినదో కాదో ఇప్పుడు చూడవచ్చు.

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1833లో వచ్చి 1834లో అమలయింది. చెరకు తోటల యజమానులకు చేతులు విరిగినట్లయింది. అప్పుడు పుట్టినదే ‘ఫ్రీ లేబర్’ అనే మాట. బానిసను కొనకూడదు, ఒప్పందం మీద స్వతంత్రుడైన కూలివానిని పిలిపించవచ్చు. ఇండియా నుంచి మారిషస్‌కు 1834లోనే కూలీల రవాణా మొదలైంది. తరువాత కరిబియన్ దీవులు, నేటాల్, ఫిజీ. అగ్రిమెంటు అనే మాట ఉత్తరాదివారి నోట ‘గిరిమిట్’ అయింది. చట్టం ప్రకారం ఓడ ఎక్కేముందు అధికారి ప్రతి ఒక్కరినీ నీ ఇష్టపూర్వకంగానే వెళుతున్నావా అని అడగాలి. ఇంగ్లీషులో అది ‘ఫ్రీ విల్’. చూశారా, ఇష్టం అనే మాటతో మళ్ళీ ప్రియం దగ్గరికే వచ్చాం! కరవుకో, అప్పుకో, ఇంటి పోరుకో తాళలేక మద్రాసు డిపోకు చేరిన మనిషి ‘అవునండి’ అనక ఏమంటాడు? నేటాల్ ఎక్కడుందో, ఎన్ని దినాల ప్రయాణమో ఎరుగని వాని ఇష్టాన్ని ఇష్టమనవచ్చునా అన్నది ఆనాటి నుంచీ చరిత్రకారులు తర్కించుకొంటున్న విషయమే. అందరూ మోసపోయి వచ్చారనటం కూడా నాకు సమ్మతం కాదు. తెలిసి, తెగించి వచ్చినవారూ మన పూర్వులలో ఉన్నారు. వారి తెగువను తీసివేయటం న్యాయం కాదు.

బర్మాకు పోయిన తెలుగువారి సంగతి ఇక్కడే ఒక మాట చెప్పాలి. వారికి గిరిమిట్ లేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల నుంచి స్టీమరెక్కి రంగూనులో దిగేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవారిని కోరంగీలనేవారు. మారిషస్‌లోనూ ఆ పేరు ఉండేది. ప్రభుత్వ లెక్కలలో వారిది ‘ఫ్రీ’ వలస. కాని మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు వారి మెడకు ఉండేది. బియ్యపు మిల్లులోను, రేవులోను ఆ బాకీ తీరేవరకు పని చేయవలసిందే. చట్టం దృష్టిలో స్వతంత్రులు, మేస్త్రి పుస్తకంలో బాకీదారులు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె తరువాత జరిగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. అది వేరే పెద్ద కథ.

మన కథకు వద్దాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. కలకత్తా నుంచి బెల్వెడీర్ ఆ నెల 26న చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్‌కు వచ్చిన గిరిమిట్ కూలీలు సుమారు 1,52,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు మీదుగా వచ్చినవారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఇందులో ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతివారికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ లేక మచ్చ వ్రాసేవారు. మన కుటుంబాలలో చాలామందికి స్వగ్రామం జాడ తెలిపే ఆధారం ఇప్పటికీ ఆ జాబితాయే.

ఒప్పందంలో తొలి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు. ఏటేటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి ఐదవ ఏట 14 షిల్లింగులు. దీనితోపాటు ఓడ ప్రయాణం ఫ్రీ, బియ్యం, పప్పు, నూనె, ఉప్పు ఫ్రీ, తలదాచుకొనేందుకు లైన్లలో గది ఫ్రీ, జబ్బు చేస్తే మందు ఫ్రీ. ఫ్రీ కానిది ఒక్కటే, అది మనిషి. యజమాని వ్రాసి ఇచ్చిన చీటీ లేకుండా తోట దాటితే నేరం. పనికి రాకపోతే అది ఒప్పంద భంగమని సివిల్ కోర్టుకు కాదు, మేజిస్ట్రేటు ముందుకు, అక్కడి నుంచి జైలుకు. ఐదేళ్ళు నిండిన మరునాడు ఈ లెక్క తలక్రిందులయ్యేది. మనిషి ఫ్రీ అవుతాడు, బియ్యం మొదలు మందు వరకు తక్కినవన్నీ ఫ్రీ కాకుండా పోతాయి.

పదేళ్ళు కాలనీలో ఉన్నవారికి ఇండియాకు ఫ్రీ పాసేజి హక్కుండేది. పాసేజి వద్దన్నవారికి ఆ ఖర్చుకు సమానమైన విలువగల ప్రభుత్వ భూమి ఇస్తామని తొలి రోజులలో చట్టంలో వ్రాశారు. ఆ భూమి దక్కినవారు కొద్దిమందే. 1891 చట్టంతో ఆ మాటనే తీసివేశారు. తొలి విడత మనుషులు 1871లో తిరిగి మద్రాసు చేరి, జీతాలు బిగబట్టారని, కొట్టారని ఫిర్యాదు చేయగా ఇండియా ప్రభుత్వం మేలుకొన్నది. 1866లో ఆగిన వలసను తిరిగి సాగించాలని నేటాల్ కోరుతున్న రోజులవి. అందువల్ల 1872లో ఒక విచారణ సంఘాన్ని వేశారు. కూలీల క్షేమం చూడటానికి ప్రొటెక్టరు అనే అధికారి వచ్చాడు. 1874లో వలస మళ్ళీ మొదలైంది. తిరిగి వెళ్ళినవారు ఎవరో పేర్లు మనకు అంతగా తెలియవు కాని, వారు నోరు విప్పకపోతే తరువాత వచ్చినవారి గతి ఇంకా హీనంగా ఉండేదని నా అభిప్రాయం.

ఐదేళ్ళు పూర్తిచేసినవారిని ప్రభుత్వ పత్రాలలో ‘ఫ్రీ ఇండియన్’ అన్నారు. ఈ పేరు గురించి ఆలోచించండి. పుట్టుకతో స్వతంత్రుడైనవానిని ఎవరూ ప్రత్యేకించి స్వతంత్రుడు అనరు. ఇంగ్లీషు దొరను ‘ఫ్రీ ఇంగ్లీషుమన్’ అని ఏ రిజిస్టరులోనూ వ్రాయలేదు. టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన గుజరాతీ వర్తకుణ్ణి ‘పాసెంజర్ ఇండియన్’ అన్నారు. గిరిమిట్ నుంచి బయటపడినవాడే ‘ఫ్రీ’. అంటే ఈ విశేషణం ఒక గౌరవం కాదు, పాత మచ్చకు గుర్తు. పైగా ఆ స్వేచ్ఛను ఋజువు చేసే భారం వాని మీదనే. విడుదల కాగితం జేబులో లేకుండా రోడ్డు మీద కనబడితే, పారిపోయి వచ్చిన కూలివాడేమోనని పోలీసు పట్టుకోవచ్చు. మారిషస్‌లో ఇదే తరగతి మనుషులకు ‘ఓల్డ్ ఇమిగ్రెంట్’ అని పేరు పెట్టారు. అక్కడి విశేషణం ‘పాత’. 1867 చట్టం ప్రకారం వారు ఫొటో అంటించిన టిక్కెట్టు వెంట ఉంచుకోవాలి. దాని మీద అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోటదొర 1871లో వేలమంది కూలీల సంతకాలతో అర్జీ పెట్టించాడు. ఫలితంగా రాయల్ కమిషన్ వచ్చింది. పేరు పాతదైనా ఫ్రీ అయినా కాగితం లేనిదే కాలు కదలని బ్రతుకు మాత్రం ఒకటే.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ ఫ్రీ ఇండియన్లు ఊరుకొన్నవారు కారు. డర్బన్ చుట్టూ కౌలుకు నేల తీసుకొని కూరగాయలు, మొక్కజొన్న, పొగాకు, మిరప పండించారు. కావడి భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. చేపలు పట్టారు, రైల్వేలో చేరారు, చాకలి పని, వంట పని చేశారు. 1885 నుంచి 1887 దాకా విచారణ జరిపిన రాగ్ కమిషన్ ఎదుట తెల్లవారు కొందరు కూడా వీరి వల్ల పట్టణానికి కూరలు, పళ్ళు చవకగా దొరుకుతున్నాయని ఒప్పుకొన్నారు. అదే వారికి చేటయింది. కూలీలు కావాలి కాని పోటీదారులు వద్దు అనేది తెల్ల వర్తకుల, ఓటర్ల కోరిక. గిరిమిట్ ముగిసినవాడు మళ్ళీ గిరిమిట్‌లో చేరాలి, లేదా ఇండియాకు పోవాలి. నడుమ ఫ్రీగా ఉండరాదు.

ఈ కోరికను తీర్చుకోవటానికి నేటాల్ ప్రభుత్వం 1893లో బిన్స్, మేసన్ అనే ఇద్దరిని ఇండియాకు పంపింది. ఏటా 25 పౌన్ల పన్ను వేయాలన్న సూచన మీద బేరం సాగి, వైస్రాయి ఎల్గిన్ ప్రభువు 3 పౌన్లకు ఒప్పుకొన్నాడు. 1895లో 17వ చట్టం వచ్చింది. ఆపైన వచ్చిన కూలీ గిరిమిట్ ముగిశాక తిరిగి గిరిమిట్ చేయక, ఇండియాకూ పోక ఇక్కడే ఉంటే ఏడాదికి 3 పౌన్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. 1901 నుంచి ఆ భారం మీద పడసాగింది. 1903లో పదహారేళ్ళు నిండిన కొడుకులకు, పదమూడేళ్ళు నిండిన కూతుళ్ళకు కూడా దానిని చుట్టారు.

లెక్క వేసి చూద్దాం. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. గిరిమిట్ ఐదవ ఏటి జీతం నెలకు 14 షిల్లింగులు. ఒక మనిషికే నాలుగు నెలల జీతానికి పైన. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలిద్దరు ఉన్న ఇంటికి 12 పౌన్లు, అనగా 240 షిల్లింగులు. ఏడాది పొడుగునా వచ్చే జీతం 168. బయట కూలి ఇంతకన్న ఎక్కువ దొరికినా ఆ పన్ను కట్టి పిల్లలను సాకటం ఎట్లాగో ఆలోచించండి. వేలాదిమంది మళ్ళీ గిరిమిట్‌లోనే వ్రేలిముద్ర వేశారు. కొందరు రెండవసారి, మూడవసారి. వెల లేనిది ఫ్రీ అని అర్థం చెప్పే భాషలోనే, ఫ్రీగా ఉండటానికి ఒక వెల కట్టి రశీదు ఇచ్చారన్నమాట. నా దృష్టిలో నేటాల్ చట్టాలన్నింటిలోను ఇంతకు మించిన వికటమైనది లేదు.

1913లో గాంధీగారి సత్యాగ్రహంలో ఈ పన్ను ప్రధానమైన సమస్య అయింది. అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల కార్మికులు పని మానారు. వారిని కదిలించినవారు ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన స్త్రీలు. వారు చాలావరకు తమిళులు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు కాలినడకన ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. చేతిలో రొట్టె, చక్కెర, చంకలో బిడ్డ. దారిలో గాంధీగారిని అరెస్టు చేశారు. మిగిలినవారిని బాల్ఫర్ దగ్గర రైళ్ళలో ఎక్కించి వెనక్కి తెచ్చి, గనుల ఆవరణలనే జైళ్ళుగా ప్రకటించి, గనుల సిబ్బందినే వార్డర్లుగా నియమించి పనికి దించారు. పని చేసే చోటు, శిక్ష అనుభవించే చోటు ఒక్కటే అయిపోయాయి. అప్పటికి సమ్మె తీరం వెంబడి చెరకు తోటలకు పాకింది. మన తెలుగువారిలో చాలామంది అక్కడే ఉన్నారు. తుపాకీ కాల్పులలో కొందరు చనిపోయారు. ఈ సమ్మెను గాంధీగారి పేరుతో చెప్పుకోవటం వాడుక; మంచిదే. కాని నాయకులు రాకముందే, రమ్మనకుండానే పని మాని బయటికి వచ్చిన తోట కూలీలను మరువరాదు. 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం 3 పౌన్ల పన్నును కొట్టివేసింది.

ఆ చట్టంలోనే మరొక సెక్షనుంది. దాని జోలికి పోయేముందు ఈ దేశంలో ఈ విశేషణం చేసిన మరి రెండు వింతలు చెబుతాను.

ఒకటి, ఆరెంజ్ ఫ్రీ స్టేట్. 1854లో బోయర్లు స్థాపించుకొన్న రిపబ్లిక్కు అది. బ్రిటిషు పెత్తనం లేనిది కాబట్టి ఫ్రీ. ఆ ‘స్వేచ్ఛా రాజ్యం’ 1891లో చేసిన చట్టం ప్రకారం ఇండియన్లు అక్కడ స్థిరపడరాదు, వ్యాపారం చేయరాదు, సేద్యం చేయరాదు. ఉన్న వర్తకులను వెళ్ళగొట్టారు. 1910లో నాలుగు ప్రాంతాలు కలిసి యూనియను అయినా ఆ నిషేధం పోలేదు. 1980ల నడుమ వరకు సాగింది. ఆ పేరును 1995లో కుదించి ఉత్త ‘ఫ్రీ స్టేట్’ అన్నారు. అప్పటికి పేరు, సంగతి సరిపోయాయి.

రెండవది, ఫ్రీహోల్డ్. కౌలు కాక సర్వహక్కులతో కొన్న భూమికి ఇంగ్లీషు చట్టంలో ఆ పేరు. గిరిమిట్ నుంచి బయటపడిన కుటుంబాలు షిల్లింగు షిల్లింగు కూడబెట్టి, కాటో మానర్ వంటి చోట్ల నేలలు కొన్నాయి. గుడులు కట్టాయి, బడులు కట్టాయి. 1943లో పెగ్గింగ్ చట్టం, 1946లో మనవారు ‘ఘెట్టో చట్టం’ అని పిలిచిన మరొకటి వచ్చి భూమి కొనుగోళ్ళను బిగించాయి. దాని మీద 1946 నుంచి 1948 దాకా ప్రతిఘటన జరిగింది, సుమారు రెండువేల మంది జైలుకు వెళ్ళారు. చివరకు 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఫ్రీహోల్డు పట్టాలనే పనికిరాకుండా చేసింది. కాటో మానర్ వారిని లేపి చాట్స్‌వర్త్ కొత్త ఇళ్ళకు తరలించారు. మామిడి చెట్టుకు, పనస చెట్టుకు, వేసిన గుడికి నష్టపరిహారం లెక్క కట్టటం ఎవరి తరం? ఈ సంగతులు మన పెద్దల నోట ఇప్పటికీ వినవచ్చు కాబట్టి ఇక్కడ పెంచను.

ఇక 1914 చట్టంలోని ఆ సెక్షను. ఏ ఇండియన్ అయినా వ్రాతపూర్వకంగా కోరితే ప్రభుత్వం అతనికి ఇండియాకు ఫ్రీ పాసేజి ఇస్తుంది. షరతు ఏమంటే తాను, తన భార్య, మైనరు పిల్లలు ఇక్కడ నివసించే హక్కును వదులుకొంటున్నట్లు సంతకం చేయాలి. 1860లో ఫ్రీ పాసేజి అంటే కష్టానికి ఫలంగా దొరికే హక్కు. 1914లో అదే మాటకు అర్థం హక్కుల అమ్మకం. టిక్కెట్టు ఒక్కటే చాలలేదని 1920ల మొదట్లో దానికి నగదు బహుమతి కూడా చేర్చారు. 1927లో రెండు దేశాల ప్రభుత్వాలు కుదుర్చుకొన్న కేప్‌టౌన్ ఒప్పందం ఆ బహుమతిని పెద్దవారికి 20 పౌన్లకు, పిల్లలకు 10 పౌన్లకు పెంచింది. మూడేళ్ళలోగా ఆ డబ్బు, టిక్కెట్టు ఖర్చు వాపసు చేస్తే తిరిగి రావచ్చు. మూడేళ్ళు దాటితే తలుపు మూసినట్లే. అప్పుడే పేరు కూడా మార్చారు. ‘రిపేట్రియేషన్’ అనే మాట చెవికి కటువుగా ఉందని ‘అసిస్టెడ్ ఎమిగ్రేషన్’, అంటే సాయం చేసి సాగనంపటం అన్నారు.

వెళ్ళినవారిలో చాలామంది మద్రాసులో దిగారు. ముసలివారు గ్రామాలు వెదుక్కొంటూ పోయారు. నేటాల్‌లో పుట్టిన పిల్లలకు ఆ దేశం పరదేశమే. నీరు పడలేదు, పని దొరకలేదు. సముద్రం దాటి వచ్చినవారిని, కులం తెలియకుండా పెళ్ళాడినవారిని అయినవారే కలుపుకోని చోట్లున్నాయి. తెచ్చిన పౌన్లు కొన్ని నెలలలో ఖర్చయిపోయాయి. తిరిగి రావటానికి కట్టవలసిన డబ్బు మూడేళ్ళలో కూడబెట్టటం వారి శక్తికి మించిన పని. స్వామి భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది కలిసి 1931లో ప్రచురించిన నివేదికలో ఈ దురవస్థ అంతా నమోదై ఉంది. భవానీ దయాళ్ జొహానెస్‌బర్గులో పుట్టిన గిరిమిట్ బిడ్డ కాబట్టి ఆయన మాటకు ఇక్కడ విలువ ఎక్కువ.

ఆ రోజులలోనే ఇండియా ప్రభుత్వం తరఫున ఇక్కడ ఏజెంటుగా ఉన్నవారు మన తెలుగువారే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. శ్రీనివాస శాస్త్రిగారి తరువాత 1929లో వచ్చి 1932 వరకు ఉన్నారు. తరువాత మద్రాసు రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా, కొద్దికాలం ప్రధానిగా కూడా పనిచేశారు. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించబడిన 1931వ సంవత్సరం ఈయన ఇక్కడ ఉన్న కాలంలోనిదే. ఒకవైపు ఫ్రీ పాసేజి పుచ్చుకొని ఓడలెక్కుతున్న కుటుంబాలు, మరొకవైపు ఇదే మన చోటు, ఇక్కడే మన భాష, మన పండుగలు నిలుపుకొందామని సభ కట్టుకొన్న కుటుంబాలు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో ఉండి ఉంటారు.

1932లో రెండవసారి కేప్‌టౌన్‌లో రెండు ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చున్నప్పుడు, ఇక్కడి ఇండియన్లలో నూటికి 80 మంది ఈ దేశంలోనే పుట్టినవారని, సాగనంపే పథకానికి ఇక అవకాశం దాదాపు లేనట్లేనని ఒప్పుకోవలసి వచ్చింది. మన పెట్టెలలో, పాత బైబిలు వంటి లావుపాటి పంచాంగాల మధ్య, ఆనాటి కాగితాలు ఇంకా కొన్ని దొరుకుతుంటాయి. దొరికినప్పుడు అందులోని ‘ఫ్రీ’ పక్కన ఉన్న రెండవ మాట చూడండి. పక్కన ఇండియన్ అని ఉంటే మీ ముత్తాత గిరిమిట్ తీరిన కాగితం అది. పాసేజి అని ఉంటే తేదీ చూడాలి. 1914కు ముందుదైతే ఆయన పదేళ్ళ కష్టానికి దక్కిన హక్కు. తరువాతిదై, మీ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే, ఆయన ఆ ఓడ ఎక్కలేదని అర్థం.